శాంపిల్ రోజు

పాలు పరీక్షించే మున్సిపాలిటీ ఆయన సైకిలు గల్లీ మలుపు తిరగకముందే కబురు మా కొట్టానికి చేరేది. అప్పట్లో బహదూర్‌పురాలో మా పాలవాళ్ళ ఇళ్ళు ఒకే వరుసలో, ఒకరి గోడకు ఒకరు ఆనుకుని ఉండేవి. మొదటి ఇంటి పెద్దమ్మ గోడ మీదుగా "శాంపిలాయన వచ్చిండే!" అని కేకేసేది. ఆ కేక ఇంటి నుంచి ఇంటికి దూకుతూ వచ్చి మా నాన్న చెవిన పడేది. నాన్నను మేము బాపు అనేవాళ్ళం. బాపు అక్క వైపు చూసేవాడు. అక్క లేచి, మేకుకు తగిలించిన చిన్న బకెట్టు తీసుకుని, కొట్టంలో అన్నిటికంటే చిక్కటి పాలిచ్చే బర్రె పక్కన గొంతుక్కూర్చునేది.

వచ్చినాయన సైకిలుకు స్టాండు వేసి, నుదురు తుడుచుకుని, మేమిచ్చిన నీళ్ళు తాగేసరికి ఆ బకెట్టు నురగతో ఆయన ముందుండేది. ఆయన సంచిలోంచి లాక్టోమీటరు తీసేవాడు. పాలలో వదిలితే తేలే గాజు గొట్టం అది. నీళ్ళు కలిసిన పాలలో లోతుగా మునుగుతుంది. అక్క పితికిన పాలలో మాత్రం పెళ్ళికొడుకులా నిటారుగా నిలబడేది. ఆయన తల ఊపి, ఏదో రాసుకుని వెళ్ళిపోయేవాడు.

బాపు మోసగాడేమీ కాదు. ఎండాకాలంలో కొలత గిన్నెలు కడిగిన నీళ్ళు పాలలోకే పోయేవి గానీ, దాన్ని ఆయన కలపడం అనేవాడు కాదు. నేను ఒకసారి అడిగాను, అన్ని బర్రెల పాలూ కలిపిన క్యానులోంచి ఎందుకివ్వవు అని. బాపు నన్ను వింతగా చూశాడు.

"ఇంటికొచ్చినోనికి సల్లబడ్డ బువ్వ పెడ్తమా బిడ్డా? మంచిదే పెడ్తం గద. గిది గూడ గంతే."

ఆ మాటను ఆ రాత్రే డైరీలో రాసుకున్నాను. నాకు డైరీ అలవాటు బడిలో ఉండగానే పట్టుకుంది. అక్కకు అదొక వేడుక. "ఏం రాస్తవే రోజూ? బర్రె పేడేసిందని రాస్తవా?" అనేది. "ఏ బర్రె ఏసిందో గూడ రాస్త," అనేదాన్ని. నిజంగానే రాసేదాన్ని.

అక్కకు పెళ్ళయిన కొద్ది కాలానికే బావ పోతే బాపు మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నాడు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేశాను, పెళ్ళి చేసుకోలేదు. తెల్లవారకముందే అక్క కొట్టంలోకి, ఆ తర్వాత నేను బస్సు కోసం రోడ్డు మీదికి. బాపు తర్వాత ఆ పాల వ్యాపారాన్ని నడిపించింది అక్కే. దీపావళి తర్వాత సదర్ పండుగకు మగవాళ్ళందరూ తమ దున్నలకు నూనె రాసి, కొమ్ములకు రంగులు వేసి, పూలదండలతో ఊరేగిస్తుంటే, అక్క గడపలో నిలబడి ఏ దున్న ఎవరిదో, దాని తల్లి ఎవరింటి బర్రెనో చెప్పేది. మనుషుల చుట్టరికాలు ఆమెకు అంత బాగా గుర్తుండేవి కావు.

ఆమె చేతులకు జబ్బు వచ్చిందని మొదట గుర్తుపట్టింది బర్రెలే. పొద్దున పూట వేళ్ళు వాచి, పిడికిలి బిగుసుకునేది కాదు. పాలు సరిగ్గా పితకలేకపోతే ఆ చిక్కటి పాల బర్రె మెడ తిప్పి ఆమెను చూసేదట. "నువ్వేనా అని చూస్తున్నదే," అని అక్క చెప్పి నవ్వేది. తర్వాత మణికట్లు, మోకాళ్ళు. కీళ్ళవాతం అన్నారు. ఒంట్లోని కాపలావాడే ఇంటివాళ్ళను కొట్టడం లాంటి జబ్బని నాకు ఒక డాక్టరు వివరించాడు. బర్రెలు ఒక్కొక్కటిగా వెళ్ళిపోయాయి. చివరిదాన్ని తోలుకుపోయిన రోజు అక్క కొట్టం కడిగి, ముగ్గేసి, లోపలికి వచ్చి పడుకుంది.

అయినా పాలు మానలేదు. దగ్గరలోని డెయిరీ నుంచి పాలు తెప్పించి, కాచి, మట్టి ముంతలలో పెరుగు తోడేసి, పాత వాడుక ఇళ్ళకు ఇస్తుంది. బార్కస్ నుంచి ఒక పెద్దాయన ఇప్పటికీ స్కూటరు మీద వస్తాడు. గుమ్మం ముందు హారను కొట్టి, "ఆపా, దహీ హై?" అని పెరుగు అడుగుతాడు. అక్క లోపలి నుంచి, మీకెప్పుడు లేదు గనకా అన్నట్టు, "ఆప్కే లియే కబ్ నై హై భాయ్?" అంటుంది. ఈ సంభాషణలో ఒక్క మాట మారడం నేను వినలేదు.

మందుల కోసం మేము నది అవతలి సర్కారు దవాఖానకు వెళ్తాం. వారానికి ఒక్క రాత్రి వేసుకోవలసిన పసుపు రంగు మాత్రలు ఆమెకు అసలు మందు. డాక్టరును చూసే ముందు ప్రతిసారీ రక్తం ఇవ్వాలి. ఒంట్లో వాపు ఎంత ఉందో చెప్పే పరీక్ష అది. అక్క రిపోర్టు ఎప్పుడూ బాగుండేది. నేను ఇంటికి వచ్చి "అక్క రక్తం బాగుంది" అని డైరీలో రాసి, కింద గీత గీసేదాన్ని.

కానీ వేళ్ళు వంకరపోవడం ఆగలేదు. దవాఖాన మెట్లెక్కితే మధ్యలో ఆగి, గోడ మీది బొమ్మలు చూస్తున్నట్టు నిలబడేది. ఆయాసపడుతోందని నాకు తెలుసు. డాక్టరమ్మకూ తెలిసింది. చిన్న వయసు పిల్ల, కరీంనగర్ వైపు మనిషి. అక్క చేతులను తన చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"రిపోర్ట్ మంచిగుందమ్మా, చేతులు మంచిగ లేవు. నాకు సమజైతలేదు."

అప్పుడు వాళ్ళ దవాఖానలో ఒక పరిశోధన నడుస్తోంది. ఇలాంటి జబ్బు చాలా కాలంగా ఉన్నవాళ్ళలో రక్తనాళాల లోపలి పొర ఎలా ఉందో చూస్తున్నారు. అక్కను కూడా చేరమని అడిగింది. ఇది వైద్యం కోసం కాదని, ఇష్టం లేకపోతే వద్దనవచ్చని చెప్పింది. అక్క నా వైపు చూసి, "ఇస్తే ఏం పోతది, ఇంక కొంచెం రక్తమే గద," అంది. అప్పటికప్పుడే అదే చేతి నుంచి మరో గొట్టం నింపారు.

ఆ ఫలితం తెలిసిన రోజు నాకు బాగా గుర్తు. డాక్టరమ్మ కాగితం వెనుక ఒక గొట్టం బొమ్మ గీసింది. రక్తనాళం లోపల పలచటి పొర ఒకటి ఉంటుందట. రక్తం దాని మీదుగా జారిపోవాలి, ఎక్కడా అంటుకోకూడదు. ఒంట్లో వాపు ఏళ్ళ తరబడి ఉంటే అది కీళ్ళ దగ్గరే ఆగదు, ఈ పొరను కూడా గీరుతుంది. గీరుకుపోయిన పొర నుంచి కొన్ని ప్రోటీన్లు రక్తంలోకి వస్తాయి. ఒకటి రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చేది, మరికొన్ని తెల్లకణాలు గోడకు అతుక్కునేలా చేసేవి. అవి అక్క రక్తంలో ఎక్కువగా ఉన్నాయి.

అక్క ఆ బొమ్మను చూస్తూ, "కలాయి పోయినట్టా?" అంది.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. మా ఇంట్లో పాలు కాచే పెద్ద రాగి గుండి ఉండేది. కలాయి పోసేవాడు గల్లీలోకి వస్తే అక్క దాన్ని దొర్లించుకుంటూ తీసుకెళ్ళేది. వాడు కొలిమి ఊది, గుండి వేడెక్కాక నవసాగరం చల్లి, తగరపు కడ్డీ తాకించి, దూది ఉండతో ఒక్క తిప్పు తిప్పేవాడు. తెల్లటి పొగలోంచి లోపలంతా వెండిలా మెరుస్తూ బయటపడేది. ఆ మెరుపు చూడటానికే నేను బడికి ఆలస్యంగా పోయేదాన్ని. కలాయి అరిగిందని బయటి నుంచి చూస్తే తెలియదు. గుండి పైన ఎంత తోమినా తళతళలాడుతుంది. పాలకే తెలుస్తుంది. ఒకరోజు విరుగుతాయి, ఒకరోజు మూలన చిలుము రుచి వస్తుంది. అక్క అదంతా తన మాటల్లో చెప్పింది.

"గట్లనే అమ్మా," అంది డాక్టరమ్మ, "పాలను చూసి గిన్నె సంగతి చెప్తున్నం. కాకపోతే ఒక్క పరీక్షతో ఒక్క మనిషికి గుండెజబ్బొస్తదని చెప్పలేం. జొరమొచ్చినా ఇవి పెరుగుతయ్. ఇంక నేర్చుకుంటనే ఉన్నం. కానీ మీకు ఆయాసం గూడ ఉంది. కీళ్ళ కంటే నాకు మీ గుండె గురించే ఫికర్. వాపు లేదంటున్నది రిపోర్ట్, మరి ఇది ఎందుకు గిట్లున్నది?"

ప్రశ్న తనను కాదన్నట్టు అక్క చీర కొంగు సర్దుకుంది.

తిరిగి వస్తూ పత్తర్‌గట్టిలో ఆటో ఆపించింది. పాలు వడకట్టడానికి మల్‌మల్ గుడ్డ కావాలంది. ఆ రాతి కమానుల కింది దుకాణాలలో గుడ్డ కొనడం ఆమెకు బాపు నేర్పిన అలవాటు. వెలుతురుకు ఎత్తిపట్టి, దారాల మధ్య ఖాళీ చూసి, పెదవి విరిచి, చివరకు మొదట చూసిందే తీసుకుంటుంది. ఆ రోజు గుడ్డను వెలుతురుకు పట్టుకునే అడిగింది, నా వైపు చూడకుండా.

"చెల్లె, గీ కొత్త పరీక్షకు ముందుగాల ఏం జేస్తే తగ్గుతదట?"

"ముందుగాల అంటే?"

"అంటే... పాతదానికి తెల్ల మాత్రలు పనిజేస్తయ్ గద. దీనికి ఏం పనిజేస్తదో అడగకపోయినవ్."

దుకాణదారు గజం కొలిచే కర్ర పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నేను అక్కను చేయి పట్టుకుని కమాను స్తంభం పక్కకు తీసుకెళ్ళాను. అక్కడే, జనం తోసుకుంటూ పోతుండగా, చెప్పింది. నొప్పి భరించలేని రోజులలో కొన్నాళ్ళకని ఎప్పుడో రాసిచ్చిన తెల్ల మాత్రలున్నాయి. వాపును వెంటనే అణచేవి. ఆ మాత్రల అట్టముక్క చూపించి మందుల దుకాణంలో మళ్ళీ మళ్ళీ తెచ్చుకుంది. దవాఖానకు వెళ్ళే ముందు వారం అవి వేసుకుంటుంది. పులుపు మానేస్తుంది, పొద్దు పోకముందే పడుకుంటుంది. రక్తం ఇచ్చి రాగానే అన్నీ బంద్. పసుపు మాత్రలు వేసుకుని చాలా కాలమైంది.

"డాక్టరమ్మను మోసం చేసినవా అక్కా?"

ఆమెకు కోపం వచ్చింది. "మోసమేందే! బిడ్డ గంత దూరంకెళ్ళి చదువుకొనొచ్చి నా రక్తం సూస్తనంటే, ఖరాబు రక్తం ఇస్తనా? మంచిదే ఇచ్చిన."

నా డైరీలలో గీత గీసిన ఆ వాక్యాలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. నేను రాసుకున్నదంతా శాంపిల్ పాల లెక్క. నవ్వొచ్చింది. వెంటనే, ఆమె మెట్ల మధ్యలో ఆగి గోడ బొమ్మలు చూడటం గుర్తొచ్చింది.

"మరి పసుపు మాత్ర ఎందుకు మానేసినవ్? కడుపుల తిప్పుతదనా?"

"తిప్పితే తిప్పనీ, గది కాదు." చేతిలో ఉండిపోయిన మల్‌మల్ గుడ్డ అంచును వంకర వేళ్ళతో సాపు చేసింది. "గది ఏసుకున్న తెల్లారి పాల వాసన పడుతలేదే. పొయ్యి మీద పాలు పొంగు పడుతుంటే బయటికి ఉరికొచ్చి కక్కుకున్న. పాలోళ్ళ బిడ్డను. నాకు పాల వాసన పడకపోతే నేను ఇంకెవర్నే?"

ఆమె ఒంటికి ఆ వాసన ఎప్పుడూ ఉండేది. చిన్నప్పుడు నేను జ్వరంతో పడుకుంటే, కళ్ళు మూసుకునే అక్క వచ్చిందని తెలిసేది.

డాక్టరమ్మకు చెప్పాలంటే మొదట ఒప్పుకోలేదు. తిడుతుందని, పేరు కొట్టేస్తుందని భయం. "నువ్వు చెప్పు, నేను బయట కూసుంట," అంది. దవాఖానలో నేను నోరు విప్పేలోపు మాత్రం తనే లోపలికి వచ్చి, శాంపిలాయన దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పింది. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి విన్నది. చిక్కటి పాల బర్రె దగ్గర ఆమెకు నవ్వాగలేదు. తెల్ల మాత్రల దగ్గర ఆ నవ్వు పోయింది.

"గవి ఇష్టమొచ్చినట్టు ఏసుడు, ఆపుడు మస్తు డేంజరమ్మా. ఒక్కసారే బంద్ చేస్తే పడిపోతరు. ఇంటికొచ్చినోళ్ళకు మంచిదే పెట్టండి, నేనద్దంటలేను. కానీ నేను చుట్టాన్ని గాదు. నాకు రోజూ ఉండే రక్తం గావాలె."

పసుపు మాత్ర తగ్గించి మొదలుపెట్టింది. రాత్రి అన్నం తిన్నాక వేసుకోమంది, మిగతా రోజులకు వికారం తగ్గించే విటమిన్ మాత్ర రాసింది. అయినా మొదట్లో కొంత ఉండొచ్చని దాచకుండా చెప్పింది.

"మల్ల రక్తం ఎప్పుడియ్యాలె?" అని అడిగింది అక్క.

"చెప్ప. ఫోన్ చేస్త. చేసిన రోజే రావాలె."

"అబ్బో! శాంపిలాయన కంటే హుషారున్నవ్ బిడ్డా."

మాత్ర శనివారం రాత్రికి పెట్టుకున్నాం. దాంతో ఆదివారం పాలు నా వంతుకు వచ్చాయి. ఉద్యోగమంతా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని లైన్లు కలిపినదాన్ని. పాలవాళ్ళింట్లో పుట్టి ఒక్కనాడూ పెరుగు తోడేయలేదు. అక్కను ముందు గదిలో మంచం మీద పడుకోబెట్టి, మధ్య తలుపు మూసి, నేను వంటగదిలో నిలబడ్డాను. తలుపవతల నుంచి ఆజ్ఞలు.

"పాలు సల్లారినయా? ఏలు పెట్టి సూడు!"

"ఎంత వేడి ఉండాలో చెప్పక్కా. థర్మామీటరు తెస్త."

"పాలకు జొరమొచ్చిందానే? ఏలు పెట్టు! ఏలుకు మంచిగనిపియ్యాలె."

"మంచిగ అంటే?"

"ఓర్నాయనో... పసిపిల్లకు నీళ్ళు పోసేటంత!"

పసిపిల్లలకు నీళ్ళు పోసిన అనుభవం నాకు లేదు. ఆ పెరుగు జిగురు పట్టి, గరిటెతో ఎత్తితే తాడులా సాగింది. బార్కస్ పెద్దాయన మూత తీసి చూసి, మర్యాదగా గడ్డం నిమురుకుని, "ఆపా, ఆజ్ దహీ కుచ్ అలగ్ హై," అన్నాడు, ఇవాళ పెరుగు ఏదో వేరుగా ఉందని. అక్క మంచం మీద గోడ వైపు తిరిగింది.

ఆ సాయంత్రం, "వచ్చే వారంకెళ్ళి మాత్ర బంద్," అంది. "గుండె ఎప్పుడాగుతదో ఆగనీ. బాపు పేరు మాత్రం పోనియ్య."

నేను ఆ రోజంతా వెతికి వెతికి ఒక మాట సిద్ధం చేసుకున్నాను. "ఆదివారం బంద్ చేద్దామక్కా. మాత్రను గాదు, పెరుగును."

"పాలోళ్ళింట్ల ఆదివారమేందే? బర్రెకు ఆదివారముంటదా?"

"మనకిప్పుడు బర్రె లేదక్కా."

అనేశాక అనకుండా ఉండవలసిందనిపించింది. ఆమె కొట్టం వైపు చూసింది. అక్కడిప్పుడు నా పాత సామాను, అద్దెకున్నవాళ్ళ స్కూటరు ఉన్నాయి. బయట ఎవరో పిల్లలు లొల్లి చేస్తున్నారు. చివరకు, "బార్కస్ భాయ్‌కి నువ్వే చెప్పు, నాతోని గాదు," అంది.

చెప్పాను. ఆయన స్కూటరు దిగకుండానే, "తో సోమవార్‌కో ఆతూఁ. ఆపా ఠీక్ రహ్‌నా," అన్నాడు, సోమవారమే వస్తానని, ఆమె బాగుంటే చాలని. అది విన్నాక అక్క ఆ శనివారం రాత్రి నేను అడగకముందే మందుల డబ్బా తెరిచింది.

డాక్టరమ్మ ఫోను ఒక మామూలు రోజు, అక్క చింతపులుసు తింటుండగా వచ్చింది. అలాగే లేచి వెళ్ళాం. ఈసారి వాపు పరీక్ష ముందెన్నడూ లేనంత చెడ్డగా వచ్చింది. అక్క సిగ్గుతో తల దించుకుంది. డాక్టరమ్మ మాత్రం ఆ కాగితాన్ని చూసి సంతోషపడింది. "ఇప్పుడు నాకు తెలిసింది ఎంత మందియ్యాల్నో," అని కొద్దికొద్దిగా మోతాదు పెంచింది. ఆ తర్వాత ఎప్పుడో పరిశోధన వాళ్ళు మరోసారి రక్తం తీసుకున్నారు. నాళాల పొర నుంచి వచ్చేవి కొంచెం తగ్గాయని, దీన్నిబట్టి ఏమీ తేల్చుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. మేమేమీ తేల్చుకోలేదు. ఆ రోజు మాత్రం మెట్లు దిగుతుంటే అక్క గోడ బొమ్మల వైపు చూడలేదని నేను గమనించాను. దిగడం కదా, ఎక్కేటప్పుడు చూడాలి.

మొన్నొక పొద్దున నేను బట్టలు ఆరేస్తున్నాను. అక్క అరుగు మీద కూర్చుని కాళ్ళకు నూనె రాసుకుంటోంది. ఉన్నట్టుండి తలెత్తి, ముక్కు ఎగబీల్చింది.

"ఎవరింట్లనో పాలు అడుగంటుతున్నయ్."

నాకేమీ తెలియలేదు. ఆమె మళ్ళీ గాలి పీల్చి, పక్కింటి కిటికీ వైపు చేయి చూపించింది. "గా కొత్త కోడలే. ఫోన్ల పడ్డట్టుంది. ఉరుకు, స్టవ్ బంద్ చెయ్యమను. ఇంకా సగం పాలు దక్కుతయ్."

నేను తడి చీర భుజాన వేసుకునే పరిగెత్తాను. పక్కింటి గడప దగ్గరికి వెళ్ళేసరికి నాకూ ఆ మాడు వాసన తగిలింది. అమ్మాయిని పిలవడానికి తలుపు మీద చేయి వేశాక తట్టింది, ఇవాళ ఆదివారమని, రాత్రే అక్క పసుపు మాత్ర వేసుకుందని. వెనక్కి తిరిగి చూశాను. అక్క అరుగు మీద అలాగే కూర్చుని, మెడ చాచి, ఇంకా ఆ గాలినే పీలుస్తోంది.

"ఏం సూస్తున్నవే నన్ను?" అని అరిచింది. "పాలు, పాలు సూడు!"